మెట్ల కింద మూడు డబ్బాల నల్లనూనె

సంపాదకులు గారికి నమస్కారం.

మా ఇంటి మెట్ల కింద మూడు డబ్బాల నల్లనూనె ఉంది. పిండివంటలు వేయించగా నల్లబడి మిగిలిన వంటనూనె అది. ఒక్కో డబ్బా పదిహేను లీటర్లది. సంక్రాంతి పోయి నెల దాటింది, అవి మాత్రం కదల్లేదు. పారబోయలేను, అమ్మలేను, ఇంట్లో ఉంచుకోనూలేను. ఎవరికి ఇవ్వాలో అడిగి అడిగి విసుగొచ్చి మీకు రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగైతే ఏమనుకోకండి. నూనె దగ్గర నిలబడి బతికే మనిషిని, దాని గురించి చెప్పాలంటే నాకు చాలా ఉంటుంది.

నల్లకుంటలో ఇరవై రెండేళ్లుగా పిండివంటలు చేసి అమ్ముతున్నాను. సకినాలు, మురుకులు, చెక్కలు, అరిసెలు. ఇంటి ముందు గదిలోనే పని, వెనక వంటిల్లు. ఇద్దరు ఆడవాళ్లు సాయానికి వస్తారు. ఫుడ్ సేఫ్టీ వాళ్ల పద్నాలుగు అంకెల రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉంది, ప్యాకెట్ల మీద వేస్తాను. మామూలు రోజుల్లో కడాయిలో ఆరేడు లీటర్లు పోస్తే సరిపోతుంది. సంక్రాంతి ముందు రెండు వారాలు మాత్రం రోజుకు రెండు డబ్బాలు విప్పాలి. అమెరికా పార్సిళ్లన్నీ అప్పుడే.

మీ పత్రికలో హోటళ్ల తనిఖీల వార్తలు వదలకుండా చదువుతాను. బొద్దింకలు, గడువు దాటిన మసాలాలు, ఫ్రిజ్‌లో మూత లేని మాంసం. 2024 అక్టోబరు చివర్లో పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను మన రాష్ట్రంలో ఏడాదిపాటు నిషేధించినప్పుడు మీరు మొదటి పేజీలో వేశారు. మంచిదే. మయోనైజ్ తినని ఇల్లు ఈ ఊళ్లో బోలెడు ఉంటాయి, బజ్జీ తినని ఇల్లు ఎక్కడుంది? అయినా కడాయిలో నూనె ఎన్ని రోజులది అన్న ప్రశ్న మీ వార్తల్లో ఎప్పుడో గానీ కనపడదు.

మా వైపు వంటనూనెను మంచినూనె అంటాం. డబ్బా విప్పినప్పుడు ఆ పేరు తగినదే. ఒక్కో వాయి దిగుతుంటే అది మారిపోతుంటుంది. వేడి ఒక పక్క, గాలి ఒక పక్క, పిండిలోని తడి ఇంకో పక్క దాన్ని విరగ్గొడతాయి. సకినాల్లోంచి రాలిన నువ్వులు అడుగున చేరి మాడతాయి, నూనెను నలుపు చేసేది ముందు అవే. బెల్లం కలిసిన అరిసెలు వేశామా, రెండు వాయిలకే రంగు తిరుగుతుంది. అందుకే నేను తెల్లారగట్ల మురుకులు, ఆ తర్వాత సకినాలు, చెక్కలు, చివరికి అరిసెలు వేయిస్తాను. అరిసెల తర్వాత ఆ నూనెలో మళ్లీ ఏమీ వేయను. ఈ వరుస మా అత్తమ్మ నేర్పింది. ఎందుకని అడిగితే 'నూనెకు ఎంగిలి అంటుతుంది' అనేది. ఆమె చెప్పిన ఎంగిలికి శాస్త్రం వాళ్లు పెట్టిన పేరు పోలార్ కాంపౌండ్లు. నూనె విరిగే కొద్దీ అవి పెరుగుతాయి. మొత్తం 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జులై 1 నుంచి నియమం పెట్టింది. కొలవడానికి చేతిలో పట్టుకునే మీటరు ఉంటుంది, వేడి నూనెలో ముంచితే అంకె చూపిస్తుంది.

నా దగ్గర మీటరు లేదు. కళ్లు, ముక్కు ఉన్నాయి. పిండి వేయకుండానే ఊరికే పొగ లేస్తే, చిన్న మంట మీదే ఘాటు ముక్కుకు తగిలి కళ్లు మండితే, వాయి వేయగానే సబ్బు నురగలాగ పొంగి దిగకపోతే, చల్లారాక గరిటె నుంచి తీగలా సాగితే, దాని పని అయిపోయినట్టే. అలాంటి నూనెలో ఒక లీటరు కొత్తది కలిపి 'ఫ్రెష్' చేశామనుకోవడం వట్టి భ్రమ. పాత మజ్జిగ చుక్క పాలను ఏం చేస్తుందో పాత నూనె కొత్త నూనెను అదే చేస్తుంది. ఈ పని నేనూ చాలా ఏళ్లు చేశాను.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మాకు ఎంతో దూరం కాదు, యూనివర్సిటీ మీదుగా పోతే ఆటోలో పావుగంట. దేశమంతటికీ ఏం తినాలో చెప్పేది వాళ్లే. 2024లో వాళ్లు తెచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఇళ్లవాళ్లకు ఒక మాట స్పష్టంగా రాశారు. వేయించిన నూనెను వడగట్టి కూరల్లోకి వాడుకోవచ్చు, మళ్లీ వేయించడానికి మాత్రం వాడొద్దు, అదీ ఒకటి రెండు రోజుల్లోనే అయిపోగొట్టాలి. ఇది చదివిన రోజు నేను మా కోడలి ముఖం చూశాను, ఆమె నా ముఖం చూసింది. మా ఇంట్లో కాగిన నూనె గిన్నె వారమైనా స్టవ్ పక్కనే ఉండేది మరి.

ఇక అసలు సంగతి. ఏడెనిమిదేళ్ల కిందటి వరకు నేను మిగిలిన నల్లనూనెను తూములో పోసేదాన్ని. వేడినీళ్లు, గిన్నెల సబ్బు కలిపి పోస్తే కొట్టుకుపోతుందని నమ్మకం. మన బాత్రూమ్ దాటేవరకు పోతుంది నిజమే. ఆ ఏడు సంక్రాంతి అయిన నాలుగో రోజు మా గల్లీలో మ్యాన్‌హోల్ పొంగింది. కింది వాటాలో ఉండేవాళ్ల బాత్రూమ్‌లోకి మురుగు ఎదురు తన్నింది. ఇంట్లో బాలింత ఉంది పాపం. జలమండలికి ఫోన్ చేస్తే ఇద్దరు వచ్చారు. వెదురు బద్దలతో పొడిచి పొడిచి చివరికి ఒక ముద్ద బయటికి లాగారు. తెల్లగా, పెద్ద వెన్నముద్దలా ఉంది, కంపు మాత్రం చెప్పలేను. నూనె, కొవ్వు పైపులో చల్లబడి, గోడల్లోని కాల్షియంతో కలిసి సబ్బులా గట్టిపడతాయని తర్వాత తెలిసింది. లండన్‌లో 2017లో ఇలాంటిదే 250 మీటర్ల పొడవున, 130 టన్నులు ఉన్నది బయటపడిందని మా మనవడు ఫోన్‌లో చూపించాడు. 'నానమ్మా, నీది చిన్నదేలే' అని ఓదార్చాడు కూడా.

ఆ ఇద్దరిలో పెద్దాయన చెయ్యి తుడుచుకుంటూ నన్నే అడిగాడు: 'అమ్మా, ఇది హోటల్ జిడ్డు. మీ గల్లీలో హోటల్ లేదు గదా?' నేను లేదన్నాను. టీ పెట్టి ఇచ్చాను, ఒక ప్యాకెట్ సకినాలు కూడా ఇచ్చాను. ఆ జిడ్డు మా ఇంటిదేనని మాత్రం చెప్పలేకపోయాను. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు, ఈ ఉత్తరం ఆయన కంట పడితే బాగుండు. మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక మనుషులు చనిపోయిన వార్త చదివినప్పుడల్లా నాకు ఆ వెదురు బద్దే గుర్తొస్తుంది. మనుషుల్ని దింపొద్దని 2013లో చట్టం వచ్చింది, ఊళ్లో యంత్రాలూ వచ్చాయి. పైపులు పూడకుండా ఉంటే ఆ యంత్రం పని కూడా తగ్గుతుంది గదా.

పైపులు దాటి పోయిన జిడ్డు కూడా ఎక్కడో ఒకచోట తేలాల్సిందే. మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేయగల కేంద్రం ఉంది. అలాంటి చోట మురికిని తినేవి సూక్ష్మజీవులు, వాటికి గాలి ఆడాలి. నీటి మీద నూనె పొర పరుచుకుంటే వాటి గొంతు నొక్కినట్టే.

ఆ తర్వాత తూములో పోయడం మానేశాను. డబ్బాల్లో నింపడం మొదలుపెట్టాక ఒకతను స్కూటీ మీద వచ్చి, 'అమ్మా, లీటరుకు ముప్పై ఇస్తా, సబ్బుల ఫ్యాక్టరీకి పోతుంది' అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో! పీడ వదిలింది, పైగా పైసలు. రెండేళ్లు అమ్మాను. రసీదు అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఒక సాయంత్రం ముసురు పట్టింది. మా ఆయనకు అలాంటప్పుడు మిరపకాయ బజ్జీ లేనిదే ఆగదు. ఇద్దరం నడిచి వెళ్లాం, మా ఇంటికి దూరమేమీ కాదు. ఏ చౌరస్తానో చెప్పను. బండి కింద ఒక డబ్బా ఉంది. దాని మూత పక్కన ఎర్ర రంగుతో 'స' అని రాసి ఉంది. ఆ 'స' నేను రాసిందే. సకినాల నూనె, అరిసెల నూనె కలవకుండా డబ్బాల మీద 'స', 'అ' అని రాసుకుంటాను. మా ఆయన అప్పటికే రెండు బజ్జీలు తినేశాడు.

బండి అతని మీద కోపం రాలేదంటే నమ్మండి. అడిగితే దాచలేదు కూడా. లీటరు అరవైకి కొన్నానన్నాడు. 'కొత్త డబ్బా రెండు వేలు దాటింది గదమ్మా, ప్లేటు ముప్పైకి అమ్మకపోతే పక్క బండికి పోతారు' అన్నాడు. నా ముప్పై అరవై అయి, నేను పనికిరాదని తీసేసిన నూనె మళ్లీ జనం కడుపులోకే చేరింది. సబ్బుల ఫ్యాక్టరీ అనేది ఉందో లేదో. మర్నాడు స్కూటీ అతను వస్తే డబ్బా ఇవ్వలేదు. మీరు కాకపోతే ఇంకొకరు ఇస్తారమ్మా అని నవ్వి వెళ్లాడు. నిజమే, ఇస్తారు. ఈ పేటలో కర్రీ పాయింట్లు, మిర్చి బండ్లు, సమోసా చేసేవాళ్లు, హాస్టళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

దీనికి ప్రభుత్వం దారి వేయలేదని అనను. 2018 ఆగస్టులోనే వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ చేసే పథకం పెట్టారు, 'రూకో' అని పేరు, ఇంగ్లిష్‌లో 'రీపర్పస్ యూజ్డ్ కుకింగ్ ఆయిల్' అన్నదానికి పొట్టి పేరు. హిందీలో ఆగు అని కూడా వినపడుతుంది, ఎవరు పెట్టారో గానీ పేరు బాగా పెట్టారు. మరుసటి ఏడాది మార్చి 1 నుంచి రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు, ఫ్యాక్టరీలు లెక్కలు రాసి, వాడిన నూనెను అనుమతి ఉన్న సంస్థలకే ఇవ్వాలన్నారు. ఆ నూనెతో చేసిన డీజిల్‌ను మొదటి ఏడాది లీటరు 51 రూపాయలకు కొంటామని చమురు కంపెనీలు కూడా ముందుకొచ్చాయి. మిథనాల్, కాస్టిక్ లాంటిది కలిపి వేడిచేస్తే గ్లిజరిన్ కిందికి దిగి డీజిల్ పైకి తేలుతుందట. అసలు 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లోనే డీజిల్ ఇంజిన్‌ను పల్లినూనెతో నడిపి చూపించారని చదివాను. మన కడాయిలోదే!

కానీ 50 లీటర్ల గీత చూడండి. పండగ రద్దీలో కూడా నాది 30 లీటర్లే. బజ్జీ బండివాడిది ఐదో ఆరో. లెక్కలు రాయాల్సిన పెద్దవాళ్ల నూనెకు గిరాకీ ఉంది, వాళ్ల దగ్గరికి వ్యాను వస్తుంది. మేం వందలమంది ఆ గీత కింద ఉన్నాం, మా దగ్గరికి స్కూటీ వస్తుంది. ఒక సేకరణ సంస్థకు ఫోన్ చేస్తే, కనీసం 50 లీటర్లు జమైతేనే బండి పంపుతామన్నారు. నా దగ్గర ఉన్నది నలభై ఐదు. నేను కావాలని రాసిన లెక్క కాదిది, మూడు పదిహేన్లు అంతే మరి. ఇంకో ఐదు లీటర్లు జమయ్యేసరికి ఎండలు వస్తాయి, ఎలుకలు డబ్బా మూతలు కొరకడం ఇప్పటికే మొదలైంది.

ఇంట్లో పెట్టుకోవడమంటే నాకు భయం. కారణం ఉంది. మూడేళ్ల కిందట మా దగ్గర పనిచేసే అమ్మాయి కడాయిలో పాత నూనె పెట్టి గేటు దగ్గర కూరగాయలవాడితో మాట్లాడుతోంది. పాత నూనె కొత్తదానికంటే ముందే పొగలేస్తుంది, ముందే అంటుకుంటుంది. మంట చూసి కంగారులో చెంబెడు నీళ్లు గుమ్మరించింది. నీళ్లు నూనె కిందికి దిగి ఒక్కసారిగా ఆవిరయ్యాయి. ఆవిరైతే నీరు సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుందట, నేను చూసిందైతే మండే నూనె చూరుదాకా లేవడం. అదృష్టం బాగుండి అమ్మాయికి ముంజేయి మాత్రమే కాలింది. పక్కింటావిడ టూత్‌పేస్ట్ పట్టుకొచ్చింది, ఇంకెవరో పసుపు అన్నారు. మా కోడలు ఎవరినీ దగ్గరికి రానీయకుండా నల్లా కింద ఇరవై నిమిషాలు చెయ్యి పట్టించి అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఆ ఒక్క పనికి మెచ్చుకుంది. ఆ రోజు నుంచి కడాయి పక్కన దానికంటే పెద్ద మూత ఒకటి ఉంటుంది. మంట లేస్తే స్టవ్ ఆపాలి, మూత పక్క నుంచి జరిపి కప్పాలి, చల్లారేదాకా తీయొద్దు. కడాయిని పట్టుకుని బయటికి పరుగెత్తడం అన్నిటికంటే ప్రమాదం. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా మూలన పడేయడం కూడా మానేశాం. వాటంతట అవే వేడెక్కి అంటుకునే అవకాశం ఉంటుంది.

ఇళ్లవాళ్ల సంగతి చిన్నదే. ఆదివారం పూరీలకు మిగిలే నూనె పావు లీటరు. చల్లారనిచ్చి మల్లు గుడ్డలో వడగట్టి, రెండు రోజుల్లో పోపులకు, కూరలకు వాడేస్తే మిగిలేదే ఉండదు. మిగిలినా ఖాళీ నూనె ప్యాకెట్‌లోనో బాటిల్‌లోనో పోసి మూత పెట్టాలి. వేడి మీద పోస్తే ప్లాస్టిక్ కరిగి కాళ్ల మీద పడుతుంది, చల్లారాకే పోయాలి. కడాయి తోమే ముందు ఒకసారి కాగితంతో తుడిస్తే తూములోకి పోయే జిడ్డు చాలావరకు ఆగుతుంది. బజ్జీలను న్యూస్‌పేపర్లో చుట్టొద్దని, సిరా తిండికి అంటుతుందని ఆహార సంస్థ చెప్పింది కదా, మీ పేపరును నేను ఇప్పుడు కడాయి తుడవడానికి వాడుతున్నాను. చదివాకే లెండి. యూట్యూబ్ చూసి సబ్బు చేద్దామనుకునేవాళ్లు జాగ్రత్త. కాస్టిక్ సోడా పిల్లలున్న ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు, కళ్లలో పడితే చూపే పోవచ్చు. ఆ నూనెతో దేవుడికి దీపం పెట్టొచ్చుగా అని ఒకామె నాకు సలహా ఇచ్చింది. మా అత్తమ్మ బతికుంటే ఆమెకు జవాబు చెప్పేది.

నేను అడిగేది ఒక్కటే. మా చిన్నప్పుడు ఊళ్లోకి పాత ఇనుముకు ఉల్లిగడ్డలు ఇచ్చేవాడు వచ్చేవాడు. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె ఇప్పటికీ మా గల్లీకి వస్తుంది. పాత నూనెకు కొత్త నూనె ఎందుకు ఇవ్వకూడదు? నాలుగు లీటర్ల నల్లనూనె తెస్తే ఒక లీటరు మంచినూనె ప్యాకెట్, లేదా అంత విలువకు కూపన్. నాకు పైసలొద్దు, నేను ఉట్టిగానే ఇస్తాను. కానీ బజ్జీ బండివాడికి అది కావాలి. కడాయి అడుగున మిగిలిన నాలుగు లీటర్లను పారేయడమంటే అతనికి ఆ పూట కూలి పారేసినట్టే. స్కూటీవాడు ఇచ్చే రేటుకంటే ఒక్క రూపాయి ఎక్కువ చట్టం దారిలో దొరికితే, ఆ స్కూటీ రెండో రోజే ఆగిపోతుంది. తనిఖీల వాళ్లు బండ్ల దగ్గరికి జరిమానా పుస్తకంతో కాకుండా మీటరుతో, ఖాళీ డబ్బాతో రావాలి. 25 దాటిందా, అక్కడే నూనె మార్చి ఇవ్వాలి. ఎంత ఖర్చవుతుందో నేను లెక్కవేయలేను. మ్యాన్‌హోల్ ఎన్నిసార్లు తీస్తున్నారో, ఒక్కోసారికి ఎంత అవుతోందో జలమండలి వాళ్లు వేయగలరు.

మా గల్లీకి రోజూ పొద్దున స్వచ్ఛ ఆటో వస్తుంది. తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడం మాకు నేర్పించారు, ఇప్పుడు మా మనవడు తప్పు డబ్బాలో వేస్తే నేనే కోప్పడతాను. ఆ ఆటోకు వెనక ఒక మూత డబ్బా వేలాడదీసి నెలకోసారి నూనె రోజు అని పెడితే చాలు. ఆటో నడిపే అబ్బాయిని అడిగాను. 'పైనుంచి చెబితే తీసుకుంటా ఆంటీ, ఇప్పుడు తీసుకుంటే డంపింగ్ యార్డులో పోయాల్సిందే' అన్నాడు. ఆ మాట నిజాయితీగా చెప్పాడు, అతన్ని మెచ్చుకోవాలి.

మీ పాఠకుల్లో సేకరణ చేసేవాళ్లెవరైనా ఉంటే నలభై ఐదు లీటర్లు సిద్ధంగా ఉన్నాయి. రసీదు మాత్రం ఇవ్వాలి, డబ్బాల మీది 'స' చెరిపేయకూడదు. ఏ రోజైనా రావచ్చు. శనివారం నూనె ఇంట్లోకి తేకూడదంటారు గానీ, బయటికి పంపడానికి శనివారమైనా నాకేం పట్టింపు లేదు.

ఇట్లు,
పిండివంటలు అమ్ముకునే మీ పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్